రబ్బరు కోసింది నేనే

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇన్నాళ్లూ అది ఛాతీ మీద రాయిలా ఏమీ లేదు. చెప్పులో ఇరుక్కున్న చిన్న గులకరాయిలా ఉండింది. నడవొచ్చు, నవ్వొచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, పేరు తెచ్చుకోవచ్చు. అడుగు వేసినప్పుడల్లా మాత్రం తెలుస్తుంది. మొన్నటిదాకా నా భార్యకు కూడా ఈ సంగతి తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. అందుకే మీకు చెప్పడం కొంచెం సులువు.

మాది మదనపల్లె. నేను మెకానిక్‌ని. వాషింగ్ మిషన్లు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. పాత డిష్‌వాషర్ తలుపు సందులోంచి నీళ్లు కారుతుంటే మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నీ నాకే ఫోన్ చేస్తాయి. ఆయప్ప చెయ్యి పడితే చుక్క కారదు అంటారట. ఆ మాట విన్నప్పుడల్లా తల వంచుకుంటాను. వినయం అనుకుంటారు. వినయం కాదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మదనపల్లెలో ఒక షాపులో సర్వీసు పనికి కొత్తగా చేరాను. మొదటి మూడు నెలలూ ఒక్క కంప్లైంటు రాకుండా ఉంటేనే పని ఖాయం అన్నారు. ఇంకా రెండు వారాలున్నాయి. అప్పుడే పుంగనూరు నుంచి పిలుపు వచ్చింది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ జానకమ్మ గారి ఇల్లు. ఆ రోజుల్లో పుంగనూరులో గిన్నెలు కడిగే మిషన్ ఉన్న ఇల్లు బహుశా అదొక్కటే. బెంగుళూరు నుంచి ఎవరో బంధువులు పంపించిన పాత మిషను. తలుపు కింద నీళ్లు కారుతున్నాయి.

తలుపు బిగుతుగా మూసుకోవడానికి మిషను నోటి చుట్టూ గాడిలో ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. గాస్కెట్ అంటాం. ఏళ్లు గడిస్తే అది అణిగిపోయి, గట్టిపడి, నీళ్లను ఆపలేకపోతుంది. పాతది లాగేసి కొత్తది కూర్చోబెట్టాలి, అంతే. రబ్బరును వేడినీళ్లలో కాసేపు నానబెట్టి, పైన మధ్యలో మొదలుపెట్టి, రెండు వైపులా వేళ్లతో ఒత్తుకుంటూ రావాలి. సాగదీయకూడదు. ఇనుప ముక్క తాకించకూడదు. ఈ మాటలన్నీ నాకు అప్పుడూ తెలుసు.

ఆ ఇంట్లో వంటపని, ఇంటిపని అన్నీ చూసేది నాగరత్నమ్మ. ముప్పై అయిదేళ్లుంటాయి. తొమ్మిదేళ్లుగా అక్కడే పని. నేను మిషను ముందు బోర్లా పడుకుంటే నా పక్కనే కూర్చుని టార్చి పట్టుకుంది. కుడివైపు కింది మూల దగ్గర రబ్బరు గాడిలోకి దిగలేదు. తొందర. స్క్రూడ్రైవర్ పెట్టి తోశాను. అది జారింది. రబ్బరు మీద గోరంత కోత పడింది.

ఆమె చూసింది. నేను ఆమె వైపు చూశాను.

ఇంకో రబ్బరు నా దగ్గర లేదు. బెంగుళూరు నుంచి రావాలి. కోత లోపలి వైపుకు పోయేలా సర్ది, ఒక్కసారి మిషను తిప్పి చూపించాను. నీళ్లు రాలేదు. సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

రెండో రోజు పొద్దున్నే షాపుకు ఫోన్. ఆ కోత చీలికైపోయింది. వంటిల్లంతా నీళ్లు. కింద చెక్క అల్మారాలు ఉబ్బిపోయాయి. నన్నే పొమ్మన్నారు.

నేను వెళ్లేసరికి నాగరత్నమ్మ నీళ్లు తుడుస్తోంది. జానకమ్మ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నిన్ననే వేసిన కొత్త రబ్బరు ఎట్లా తెగింది అని అడిగారు. నేను వంగి, మొదటిసారి చూస్తున్నట్టు చూశాను.

"కత్తితో గీకినట్లుండాదమ్మా. తుడిచేటప్పుడు ఎవురో కత్తి వాడినట్లుండారు."

నాగరత్నమ్మ తుడవడం ఆపింది.

"నేను కత్తి ముట్టలేదప్పా. నేనే కదా నీకు టార్చి పట్టుకున్న్యా. నీ స్క్రూడ్రైవరు జారింది కదా."

"నువ్వు పొరపాటు పడతాండావక్కా. నేను స్క్రూడ్రైవరు బయటికే తీయలేదు."

ఆమె జానకమ్మ గారి వైపు తిరిగింది. "తొమ్మిదేండ్లుగా నన్ను సూస్తాండారు కదమ్మా" అంది. అంతే. ఆ అమ్మగారు లోపలికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారని తర్వాత తెలిసింది. తప్పు చేసినందుకు కాదట, అబద్ధం చెప్పినందుకట. చిన్న ఊరు. ఆ మాట వీధులన్నీ తిరిగింది. ఇంకే ఇంట్లోనూ ఆమెను పనికి పెట్టుకోలేదు. కొన్నాళ్లకు ఊరు విడిచి కుప్పంలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోయిందని విన్నాను.

నాకు పని ఖాయమైంది.

ఆ మాట నోరు జారి వచ్చిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. వయసులో ఉన్నాను, భయపడ్డాను, ఆ క్షణంలో ఏం తోస్తే అది అన్నాను. ఇప్పుడు మీ ముందు ఆ ముసుగు కూడా తీసేయాలి. నోరు జారలేదు. ఆ పొద్దున మదనపల్లె నుంచి బండి మీద పోతూ దారిలో ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి అనుకుని చూసుకున్నాను. కత్తి అనాలా, బ్లేడు అనాలా అని కూడా ఆలోచించాను. అలా ఆలోచించినవాడు భయపడినవాడా, తెలివిగలవాడా? ఇంట్లో ఇంకెవరున్నారు తప్పు మోయడానికి? ఆమె తప్ప ఎవరూ లేరని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆ తర్వాత నేను గాస్కెట్ పనికి స్క్రూడ్రైవర్ ఎప్పుడూ వాడలేదు. వేళ్లతోనే చేశాను. గోళ్లు విరిగినా వేళ్లతోనే. అలా నా చేతికి పేరొచ్చింది. ఆ పేరు ఎవరి బతుకు మీద కట్టుకున్నానో నాకొక్కడికే తెలుసు.

రెండు నెలల కిందట కుప్పం నుంచి ఒకామె ఫోన్ చేసింది. చదువుకునే పిల్లలకు భోజనాలు పెట్టే మెస్ అట. గ్లాసులు, ప్లేట్లు కడిగే పాత డిష్‌వాషర్ తలుపు కారుతోందట. ఓనరెవరమ్మా అని అడిగాను. నాగరత్నమ్మ అంది. ముందు పుంగనూరులో ఉండేవాళ్లు అంది.

ఆ మోడల్‌కు రబ్బరు దొరకదమ్మా అని పెట్టేశాను. వారం తర్వాత మళ్లీ చేసింది. మళ్లీ అదే చెప్పాను. చూశారా, పన్నెండేళ్ల తర్వాత కూడా నాలుక ఎంత సులభంగా తిరిగిందో.

మూడోసారి ఫోన్‌లో వేరే గొంతు, నాగరత్నమ్మది. నిదానంగా, గట్టిగా.

"ఈడ నీళ్లమీద కాలు జారి మా దగ్గర పనిజేసే లక్ష్మికి చెయ్యి విరిగిందప్పా. నీకు చేతనైతే రా. కాకపోతే కాదని చెప్పు. దొరకదని మాత్రం చెప్పొద్దు."

"రేపు వస్తాండానమ్మా" అన్నాను.

ఆ మోడల్ రబ్బరు నిజంగానే ఇప్పుడు తయారు కావడం లేదు. కానీ ఆ మోడల్‌లో అది మిషను నోటికి మూడు వైపులే ఉంటుంది, కింది అంచుకు వేరే పట్టీ. అంటే అదే మందం ఉన్న పెద్ద మోడల్ రబ్బరు తెస్తే, రెండు కొసలూ కింద కత్తిరించి సరిపెట్టొచ్చు. నా దగ్గర అలాంటిది ఒకటి ఉంది. మొదటి ఫోన్ వచ్చిన రోజు కూడా ఉంది.

కుప్పంలో ఆ మెస్ చూసి వాకిట్లోనే ఆగిపోయాను. పెద్ద హాలు, వరసగా బల్లలు, తెల్లగా సున్నం కొట్టిన గోడలు, లోపల ఆరుగురు ఆడవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు. వాళ్ల మధ్య తెల్లబడిన జుట్టుతో నాగరత్నమ్మ. ఊరు తరిమేసిన మనిషి ఆరు ఇళ్లకు పొయ్యి వెలిగిస్తోంది. నాకు కళ్లు చెమర్చాయి. ఆమె గెలిచింది కాబట్టి నా తప్పు చిన్నదైపోయిందని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచనకే సిగ్గుపడ్డాను. ఆమె గెలుపులో నాకేం వాటా?

"అమ్మా, పుంగనూరులో..." అని మొదలుపెట్టాను.

"నాకు తెలుసు" అంది. "మా పిల్ల స్పీకరులో పెట్టినప్పుడే నీ గొంతు పట్టుకున్న్యా. ముందు మిషను సూడు."

పనిలోకి దిగాను. పాత రబ్బరు కొబ్బరిపీచులా ఊడి వచ్చింది. గాడి నిండా నల్లటి జిడ్డు. వెనిగర్‌లో ముంచిన పళ్ల బ్రష్‌తో మూలమూలా గీకి, తుడిచి, ఆరబెట్టాను. తలుపు ఒకవైపుకు వాలి ఉంది. కీలు దగ్గర స్ప్రింగు వదులైపోయింది. అంతకుముందు వచ్చిన మెకానిక్‌లు రబ్బరునే చూశారు, దాన్ని చూడలేదు. స్ప్రింగు మార్చాను. వేడినీళ్లలో నానిన కొత్త రబ్బరును పైన మధ్యలోంచి మొదలుపెట్టి వేళ్లతో ఒత్తుతూ వచ్చాను. కుడివైపు మూల దగ్గర మళ్లీ మొండికేసింది. బొటనవేలు ఎర్రబడింది. కూర్చున్నాను. ఊపిరి పీల్చుకున్నాను. తొందరేముంది? ఒత్తాను. దిగింది. లోపలికి జారి సర్దుకున్న ఆ చిన్న చప్పుడు నాకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. కొసలు రెండూ కొలిచి కత్తిరించాను. దినపత్రిక ముక్కను తలుపు సందులో పెట్టి మూసి లాగి చూశాను. నాలుగు చోట్లా బిగుతుగా పట్టుకుంది.

మిషను నిండా గ్లాసులు పెట్టి తిప్పాము. ఒక దఫా. రెండు దఫాలు. నాగరత్నమ్మ తనే కిందికి వంగి, తలుపు కింద అరచెయ్యి మొత్తం నేలకు ఆనించి చూసింది. చెయ్యి తిప్పి అందరికీ చూపించింది. పొడిగా ఉంది. చేతికి కట్టుతో ఒక మూల కూర్చున్న లక్ష్మి నవ్వింది. ఒకామె చప్పట్లు కూడా కొట్టింది. ఇన్నేళ్ల పనిలో నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

అప్పుడు నాగరత్నమ్మ వాళ్లందరినీ దగ్గరికి పిలిచింది. నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పప్పా."

చెప్పాను. ఆ రబ్బరు కోసింది నేనే, ఈయమ్మ చూసింది, నిజం చెప్పింది, నేను ఈయమ్మను అబద్ధాలకోరును చేశాను అన్నాను. దారిలో ఆ వాక్యాన్ని పైకి అనుకున్న సంగతి కూడా దాచలేదు. మధ్యలో ఆగలేదు. గిన్నెలో సాంబారు ఉడుకుతున్న చప్పుడు ఒక్కటే.

"ఇంతమంది ముందర చెప్పినావు, మంచిది" అంది ఆమె. "నన్ను అబద్ధాలకోరు అనింది మాత్రం జానకమ్మ. ఆయమ్మ ముందర నిలబడి చెప్పు. ఫోనులో కాదు. ఇంకొక మాట. నేను క్షమించినానని యాడా చెప్పుకోవద్దు. నేను క్షమించలేదు."

"చెప్పుకోనమ్మా" అన్నాను.

అక్కణ్ణుంచి పలమనేరు మీదుగా నేరుగా పుంగనూరు పోయాను. ఎండ ఇంకా తగ్గలేదు. ఆ దారిలో అంత తేలిగ్గా నేనెప్పుడూ బండి నడపలేదు. భయం లేదనుకోకండి, ఉంది. కానీ ఈసారి నాలుక మీద తిప్పి చూసుకోవాల్సిన వాక్యం ఏదీ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పడానికి తయారవ్వక్కర్లేదు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది.

జానకమ్మ గారు బాగా ముసలివారయ్యారు. కుర్చీలో కూర్చుని, చెవి నా వైపు పెట్టి, మొత్తం విన్నారు. చివర్న ఒక్కటే అడిగారు.

"ఇన్నేండ్లు యాల చెప్పలేదు?"

దానికి జవాబు లేదమ్మా అన్నాను.

"ఆ రోజు అది నా మొహంలోకి సూసి అడిగింది. నేను దాన్ని నమ్మకుండా నిన్ను నమ్మినాను. దానికి నువ్వొక్కడివే కారణం కాదులే" అన్నారు. ఆ మాట నన్ను తప్పించడానికి అన్నది కాదు. తన వంతు తను తీసుకోవడానికి అన్నది. తర్వాత నాగరత్నమ్మ నంబరు అడిగారు. నేను చదువుతుంటే ఒక్కో అంకె ఆమే నొక్కారు. "నువ్వు పోప్పా. ఆయమ్మతో నేను మాట్లాడాల" అన్నారు.

మెట్లు దిగుతుంటే లోపలి నుంచి వినిపించింది. "రత్నా, నేను జానకమ్మను. నువ్వు చెప్పిందే నిజం." అవతలి నుంచి ఏం జవాబు వచ్చిందో నాకు తెలియదు. వినడానికి నిలబడలేదు. అది వాళ్లిద్దరి మాట.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు, ఆ నాగరత్నమ్మను ఒకసారి చూడాలి అంది. ఆమెకు ఇష్టమైతే తీసుకుపోతాను అన్నాను.

ఇప్పుడు మీకు చెప్పాను. మీతో నాలుగోసారి. నాగరత్నమ్మ నన్ను క్షమించలేదు, ఎప్పటికీ క్షమించకపోవచ్చు. ఆ హక్కు ఆమెది. నేను అడగను. కానీ పన్నెండేళ్లు నా ఒక్కడి దగ్గర దాగిన నిజం ఇప్పుడు కుప్పంలో ఉంది, పుంగనూరులో ఉంది, మా ఇంట్లో ఉంది, మీ చేతిలో ఉంది. దాన్ని మళ్లీ దాచేయడం ఇక నా వల్ల కూడా కాదు. ఎంత బాగుందో ఈ మాట రాస్తుంటే.