జపాన్ ఆవిడ కోసం ప్రార్థన

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఇది రాయొచ్చో లేదో కూడా తెలియదు.

ఎనభైల మొదట్లో మేము అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనకి కార్ల కంపెనీలో పని. పై అంతస్తులో ఒక నర్సు అక్క ఉండేది, గుంటూరు వైపు మనిషి. శనివారాలు ఇద్దరం కింద బేస్‌మెంట్‌లో బట్టలు ఉతుక్కునేవాళ్ళం. డ్రయ్యర్ తిరుగుతున్నంతసేపూ అక్క లైబ్రరీ నుంచి తెచ్చిన ఇంగ్లీషు పుస్తకం చూసి నాకు తెలుగులో కథ చెప్పేది. జపాన్‌లో ఆడవాళ్ళు రాసిన కథలట. అన్నీ పెళ్ళయిన ఆడవాళ్ళ గురించే. కొట్టడాలు, ఏడుపులు ఉండవు. అన్నం వడ్డించడం, గిన్నెలు కడగడం, అంతే. అయినా వింటుంటే వెన్నులో చలి పుట్టేది.

ఒక కథలో ఆవిడ, మొగుడు ఎన్నాళ్ళకి గమనిస్తాడో చూద్దామని మాట్లాడటం మానేస్తుంది. పదకొండు రోజులైనా ఆయనకి తెలియదు. ఆవిడ అద్దంలో చూసుకుంటే తన ముఖం కంటే వెనకాల గోడే బాగా కనిపిస్తుంది. అక్కడికి బట్టలు ఆరిపోయాయి. మిగతాది వచ్చే శనివారం అంది అక్క.

ఆ వారమంతా ఆవిడ నన్ను వదల్లేదు. సింక్ దగ్గర నిలబడితే పక్కన ఎవరో గిన్నె తుడుస్తున్నట్టు ఉండేది.

శుక్రవారం మా తెలుగు క్రైస్తవ సంఘంలో స్త్రీల కూడిక. అక్కడ ప్రార్థన మనవులు అడుగుతారు. ఎప్పుడూ నోరు తెరవనిదాన్ని ఆ రోజు లేచి, ఒక సహోదరి ఉంది, భర్త ఆమెని ఉన్న మనిషిలాగే చూడడు, ఆమె కోసం ప్రార్థించండి అన్నాను. కథలో మనిషని చెప్పాలని తోచలేదు. చెప్పడానికి అక్క కూడా లేదు, డ్యూటీకి వెళ్ళింది. అందరూ వచ్చి నా తల మీదే చేతులు పెట్టారు. సంఘపెద్ద గారి భార్య చెవి దగ్గర మెల్లగా అంది:

"పేరు చెప్పక్కర్లేదమ్మా. ప్రభువుకి తెలుసు."

మర్నాడు పొద్దున్నే సంఘపెద్ద గారు వచ్చి మా ఆయన్ని పక్కకి పిలిచి మాట్లాడి వెళ్ళారు.

"మనింటి సంగతి కూడికలో పెట్టావా?"

"మనది కాదండి. ఆవిడది జపాన్. పుస్తకంలో మనిషి."

ఆయన నమ్మలేదు. ఏం కథో చెప్పమన్నాడు. చెప్పాను. అమెరికా వచ్చాక మేమిద్దరం అంతసేపు ఎదురెదురుగా కూర్చోలేదు. పదకొండు రోజులు అనగానే ఆయన నన్ను ఆపాడు.

"మనం చివరిసారి ఎప్పుడు మాట్లాడుకున్నాం?"

"పోయిన ఆదివారమండి. హీటర్ తగ్గించమన్నారు."

చివరికి ఆవిడ ఏమైందని అడిగాడు. ఇవాళ అక్క చెబుతుంది అన్నాను.

"వినకు" అన్నాడు. కోపంగా అనలేదు. భయపడ్డట్టు అన్నాడు.

బేస్‌మెంట్‌లో అక్క పుస్తకం తెరిస్తే వద్దన్నాను.

అప్పటినుంచి మా ఆయన పని నుంచి రాగానే గుమ్మంలో నిలబడి "వచ్చాను" అనేవాడు. జవాబు వచ్చేదాకా బూట్లు విప్పేవాడు కాదు. నేను ఊఁ అనేదాన్ని. కొన్ని రోజులు, నేనింకా నోరు తెరవకముందే, వంటింట్లోంచి ఎవరో ఊఁ అనేవారు. ఆయన బూట్లు విప్పుకుని లోపలికి వచ్చేవాడు.