ఉప్పు మానేసిన వేసవి

ముప్పై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు. రెండే మాటలు. "నాకు తెలియదు." ఒక ఆసుపత్రిలో ఒక డాక్టరు అడిగిన ప్రశ్నకు, అంతా తెలిసి చెప్పిన జవాబు అది. మొయ్యడమంటే ఏడుస్తూ కూర్చున్నానని కాదు. తిన్నాను, తిరిగాను, కారులో పాటలు పెట్టుకుని గొంతు కలిపాను కూడా. కానీ ఎవరైనా నన్ను మంచిదాన్ని అన్నప్పుడల్లా అది లోపల కదిలేది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఒక షరతు మాత్రం ఉంది. ఇది చదివి నన్ను ఓదార్చకండి. ఓదార్పు నాకొద్దు. పాఠం చెప్పబోతే అదీ వద్దు, అందులో సగం నాకు మీకంటే బాగా తెలుసు.

ఎనభైల మొదట్లో మేం అమెరికాలోని పార్సిప్పనీలో ఉండేవాళ్ళం. నేను సైకాలజిస్టుని. పీహెచ్‌డీ చేసి, లైసెన్సు పరీక్ష రాసి, ఒక క్లినిక్‌లో పనిచేసేదాన్ని. మా ఆయన మత్తు డాక్టరు. ఆపరేషన్ బల్ల మీద మనుషుల్ని నిద్రపుచ్చడం ఆయన పని. మెలకువగా ఉన్న రోగితో ఆయన మాట్లాడేది నాలుగు ముక్కలు. మీ పేరేంటి, ఏమన్నా తిన్నారా, భయపడకండి, అంకెలు లెక్కపెట్టండి. అంతే.

ఇప్పుడు ఇక్కడి చట్టం సంగతి వినండి. ఒక మనిషిని వారం వారం ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏడాది పాటు ఆమె నిద్రా ఆకలీ కోపమూ అన్నీ విన్న నేను ఆమెకు ఒక్క మాత్ర రాసివ్వకూడదు. ఆమె ముఖమైనా చూడని మా ఆయన రాయవచ్చు. చర్మం డాక్టరు రాయవచ్చు. కళ్ళ డాక్టరు రాయవచ్చు. నేను రాస్తే నేరం. అప్పుడూ ఇది నాకు మండేది, ఇప్పుడూ మండుతుంది. నేను చేసిన తప్పు ఈ మంటను చల్లార్చలేదు. చల్లార్చాలని మీరు ఎదురుచూస్తుంటే ఇక్కడే ఆగిపోండి.

ఆమెను వసుంధర అంటాను. అసలు పేరు అది కాదు. మాకు రెండు వీధుల అవతల అపార్ట్‌మెంట్లలో ఉండేది. భర్త ప్రసాద్ ఇంజనీరు. ఆ రోజుల్లో మా ఊళ్ళో రవికె కుట్టగలిగిన మనిషి వసుంధర ఒక్కతే. తెలుగు ఆడవాళ్ళందరం బట్టలు పట్టుకుని ఆమె గుమ్మం ముందు వాలేవాళ్ళం. కొలత రవికె ఇవ్వక్కర్లేదు. ఒకసారి మనిషిని చూస్తే చాలు, చేతులు సరిగ్గా కూర్చునేవి.

కొన్ని నెలలు ఆమె నిద్రపోయేది కాదు. తెల్లవార్లూ కుట్టేది, పాడేది, పదిమందికి వంట చేసి పిలిచేది. తర్వాత కొన్ని నెలలు మంచం దిగేది కాదు. తల కూడా దువ్వుకునేది కాదు. కారు ఎక్కించుకుని ఒక సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన కాసేపు అడిగాడు. దేవుడు నీతో మాట్లాడతాడా అన్నాడు. రోజూ పొద్దున్నే వెంకటేశ్వరస్వామితో అన్నీ చెప్పుకుంటానని, ఆయన విని దారి చూపిస్తాడని చెప్పింది వసుంధర. మన ఇళ్ళలో ఎవరిని అడిగినా అదే చెబుతారు. ఆయన దాన్ని భ్రమ అని రాసుకుని గట్టి మందేదో ఇచ్చాడు. వారానికల్లా ఆమె మెడ బిగుసుకుపోయింది, నోటి చివర చొంగ కారింది. ఇక చచ్చినా ఆ గడప తొక్కనంది.

ఆమె జబ్బేమిటో నాకు తెలుసు. దానికి మందు లిథియం అనీ తెలుసు. మా ఆయనతో రాయించాను. రాయించడమంటే నేను చెప్పాను, ఆయన రాసి సంతకం పెట్టారు. మందు నేను ఎంచాను. మోతాదు నేను ఎంచాను. స్నేహితురాలిని రోగిగా చూడకూడదన్నది మా చదువులో మొదటి పాఠం. అదీ తెలుసు. మరి ఆమె ఇంకెవరి దగ్గరకు వెళ్ళాలి?

వసుంధర అత్తగారు ఆ ఏడే ఇండియా నుంచి వచ్చి వీళ్ళ దగ్గరే ఉంటోంది. పిచ్చి మాత్రలని తెలిస్తే కాపురం ఏమవుతుందోనని వసుంధరకు భయం. మందుల షాపులో నేనే తీసుకుని, విటమిన్ల సీసాలో పోసి ఇచ్చేదాన్ని. ఎవరికీ చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు ఆమె కోసమా, నా కోసమా? ఆమె కోసమేనని అప్పట్లో అనుకున్నాను.

మందు పనిచేసింది. ఇది గట్టిగా చెబుతున్నాను, పనిచేసింది. రెండు నెలలకు వసుంధర మామూలు మనిషయింది. ఉదయం లేచి, స్నానం చేసి, కూతుర్ని బడికి పంపి, మిషన్ ముందు కూర్చునేది. ఆ నవ్వు చూసి నేను లోపల్లోపల ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆ నవ్వు నా చేతి పని అనుకున్నాను.

లిథియం వేసుకునేవాళ్ళకు అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించాలి. మొదట్లో మా ఆయన తన ఆసుపత్రి ల్యాబ్‌లో చేయించారు. ఒకసారి అక్కడి క్లర్కు, మత్తు డాక్టరువి నీకు ఈ పేషెంటు ఎక్కడిదని నవ్వుతూ అడిగాడట. ఆయన ఆ రాత్రి ఇంటికొచ్చి ఇక పరీక్షలు వద్దన్నారు. సరే అన్నాను. నా చేతిలో అధికారం ఉంటే పట్టపగలు ఆమెను ల్యాబ్‌కు పంపేదాన్ని. ఈ వాదన నిజం. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా నిజమే. కానీ ఇక్కడితో ఆగితే నేను చేతులు దులుపుకున్నట్టే. అసలు తప్పు ఇది కాదు.

ఆ వేసవి ఎండలు పేలిపోయాయి. జులైలో మా పెరట్లో భోజనాలు పెట్టుకున్నాం, తలా ఒకటి వండుకొచ్చారు. వసుంధర గుత్తివంకాయతో పాటు ఒక చిన్న గిన్నె విడిగా తెచ్చుకుంది.

"ఇదేంటి, నీకు స్పెషలా?" అన్నాను.

"చప్పిడి పప్పు అక్కా. ఉప్పు మానేశాను. మండలం మొక్కుకున్నా."

"ఎవరు పెట్టించారు మొక్కు, మీ అత్తగారా?"

"కాదక్కా, నేనే. ఒంట్లో బాగుంది కదా, నిద్ర పడుతోంది కదా. సూర్యభగవానుడికి మొక్కుకున్నా. మీరు నవ్వకండి."

"బాగుంది వరస. మాత్రలు నావి, క్రెడిట్ ఆయనకా?"

"మీకూ ఇస్తాలే అక్కా. మాత్ర మాత్రం ఒక్క రోజు కూడా మిస్ చేయట్లేదు. టైంకి వేసుకుంటున్నా."

"గుడ్ గర్ల్," అని నేను ఆమె బుగ్గ గిల్లి, నిమ్మకాయ పులిహోర గిన్నె అటు జరిపాను.

లిథియం నిజానికి ఒక రకం ఉప్పే. ఒంట్లో మామూలు ఉప్పు తగ్గితే శరీరం దీన్ని బయటికి పోనివ్వకుండా పట్టుకుంటుంది. మందు పేరుకుని విషమవుతుంది. ఉప్పు మానకూడదన్న మాట ఆ మందు గురించి చదివిన ప్రతిచోటా ఉంది. నేను చదివాను. చదివి, ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఉప్పు ఎవరు మానేస్తారులే అనుకున్నాను. అమెరికన్ డాక్టరు అలా అనుకుంటే అర్థం ఉంది. మా అమ్మ ఆదివారాలు ఉప్పు ముట్టేది కాదు. మా ఇంట్లో చప్పిడి కూడు తెలియకుండా పెరిగానా నేను? ఆమె నోరు తెరిచి చెప్పినప్పుడైనా ఎందుకు వెలగలేదు? మొక్కులంటే నాకు చులకన. అందుకని ఆ మాటను మొక్కుగా విని నవ్వేశాను, రోగి మాటగా వినలేదు. ఆ సైకియాట్రిస్టు వెంకటేశ్వరస్వామి మాటను సరిగ్గా వినలేదని ఊరంతా తిరిగి తిట్టిపోసిన మనిషిని నేను. నేనేం విన్నాను?

కొద్ది రోజులకు ప్రసాద్ ఫోన్ చేశాడు. వసుంధరకు వాంతులు, ఒళ్ళంతా వణుకు, నాలుక మందం. వడదెబ్బ అంటోందట అత్తగారు. నేను వెళ్ళేసరికి ఆసుపత్రిలో ఉంది. నన్ను చూసి గుర్తుపట్టలేదు. గుమ్మంలో కాలు పెట్టగానే నాకు అర్థమైంది, ఉప్పు గుర్తొచ్చింది. అప్పుడే డాక్టరు వచ్చి ఏమన్నా మందులు వాడుతోందా అన్నాడు. విటమిన్లేవో వేసుకుంటుందన్నాడు ప్రసాద్. డాక్టరు నా వైపు తిరిగి, మీకేమన్నా తెలుసా అని అడిగాడు.

"నాకు తెలియదు," అన్నాను.

తడబడలేదు. చాలా మామూలుగా వచ్చిందా మాట. నా లైసెన్సు పోతుంది, ఆయన లైసెన్సు పోతుంది, పిల్లలు రోడ్డున పడతారు అన్న భయమంతా తర్వాత వచ్చి అతుక్కుంది. ముందు మాటే వచ్చింది. బయట ఫోన్ దగ్గరకు వెళ్ళి మా ఆయనకు చేశాను. ఆపరేషన్‌లో ఉన్నారన్నారు. ఎదురుచూశాను. ఎందుకు ఎదురుచూశాను? తలుపు అవతల డాక్టరున్నాడు, ఒక్క ముక్క చెప్పడానికి మా ఆయన అనుమతి దేనికి? మధ్యాహ్నం సాయంత్రమయ్యాక ఫోన్‌లోకి వచ్చి, అంతా విని ఆయన ఒకటే అన్నారు: "ఇండియా నుంచి తెప్పించుకుందని చెప్పు. ఎవరూ ఆరా తియ్యరు."

నిజమే, తియ్యరు. మనందరి సూట్‌కేసుల్లోనూ మాత్రలు వచ్చేవి. వెళ్ళి, ఇప్పుడే గుర్తొచ్చిందంటూ చెప్పాను. లిథియం పేరు వినగానే డాక్టరు పరుగెత్తాడు. రక్తం శుద్ధి చేశారు. వసుంధర బతికింది.

బతికింది కానీ చేతుల వణుకు పోలేదు. నాలుక మందం పోలేదు. నడిస్తే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. మిషన్ మీద గుడ్డ కప్పారు. నేను కాచుకున్న ఆ కొన్ని గంటలే అంత పని చేశాయా? ముందే చెప్పి ఉంటే చేతులు నిలిచేవా? ఏమో. ఏ డాక్టరునీ అడగలేకపోయాను.

ఇంకా ఉంది. ఇండియా అంటే ఎవరు? ఇండియా నుంచి వసుంధరకు పొట్లాలు పంపే మనిషి ఒక్కతే, గుడివాడలో ఉన్న వాళ్ళమ్మ. వచ్చేపోయేవాళ్ళ చేత కరివేపాకు పొడి, వడియాలు పంపేది. పిచ్చి మందులు పంపి తన కోడలి ప్రాణం మీదకు తెచ్చిందని అత్తగారు ఆవిడను తిట్టిపోసింది. ప్రసాద్ ఉత్తరం రాశాడు. నేనేం పంపలేదు బాబూ, పొడి తప్ప ఏం పంపలేదని ఆవిడ ఒట్లు పెట్టుకుంది. ఎవరూ నమ్మలేదు. కూతురికి చేయడానికి వస్తానంది. రానివ్వలేదు. పొట్లాలు కూడా ఆగిపోయాయి. వసుంధరను అడిగితే తల దించుకునేది. నాకు వేసిన ఒట్టు నిలబెట్టుకుంది.

నేను చూస్తూ ఊరుకున్నాను. వారం వారం కూర కట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. అక్క ఎంత మంచిదో అనేవాళ్ళు.

ఎనభైల చివర్లో మా సైకాలజిస్టుల సమావేశాల్లో మందులు రాసే అధికారం గురించి వేడిగా చర్చలు నడిచేవి. ఒకసారి లేచి మాట్లాడాను. పేరు చెప్పకుండా వసుంధర కథ చెప్పాను. సైకియాట్రిస్టు కాసేపట్లో తేల్చిన తప్పు, నేను పట్టుకున్న జబ్బు, రెండు నెలల్లో వచ్చిన నవ్వు. అక్కడికి ఆపేశాను. చప్పట్లు కొట్టారు. నేను అడిగింది ఈ రోజు కూడా అడుగుతాను. చదివించండి, పరీక్ష పెట్టండి, రాయనివ్వండి, తప్పు చేస్తే పట్టుకోండి. మమ్మల్ని చీకట్లో ఉంచి, మా చేత పక్కవాడి సంతకంతో పని చేయించుకుని, పైగా మేం పనికిరామనకండి. ఈ కాగితం పట్టుకుని, "చూశారా, అందుకే వద్దన్నాం" అనేవాళ్ళుంటారు. అనండి. నేను డాక్టరునై ఉన్నా ఆ రోజు తెలియదనే అనేదాన్ని. అబద్ధం చెప్పడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

ఆ చప్పట్ల తర్వాత కొన్నాళ్ళకు వసుంధర మా వంటింట్లో కూర్చుంది. మాట ముద్దముద్దగా వచ్చేది, అయినా ఆ రోజు ప్రతి అక్షరం నాకు తెలిసింది.

"అమ్మ మీద పడింది అక్కా," అంది.

అంతే అంది. నింద కాదు, నిలదీయడమూ కాదు. నాకో దారి చూపించింది. ప్రసాద్ పక్క గదిలోనే టీవీ చూస్తున్నాడు. పిలిస్తే చాలు.

"కాఫీలో పంచదార సరిపోయిందా?" అన్నాను నేను.

వసుంధర కప్పు కింద పెట్టింది. సరిపోయిందని తలూపింది. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. వాళ్ళమ్మ కూతుర్ని మళ్ళీ చూడకుండానే పోయింది. మొన్న శీతాకాలం వసుంధరా పోయింది. మా ఆయన అంతకుముందే పోయారు. నా లైసెన్సు నేనే వదిలేసుకున్నాను. ఇక నన్ను ఎవరూ ఏమీ చేయలేరు. అన్నీ చూసుకుని, భయం పూర్తిగా తీరాక ఒప్పుకుంటున్నాను. ఇదీ నా ధైర్యం. దీన్ని మెచ్చుకోకండి.

ప్రసాద్ ఉన్నాడు. ఈ కాగితం ముందు అతనికే పంపుతున్నాను, ఆ తర్వాతే మీకు. ఇందులో అతను చదవాల్సింది ఒక్క వాక్యమే. అది రాయడానికే ఇంత రాశాను.

గుడివాడ నుంచి ఆవిడ ఏ మాత్రా పంపలేదు, అవి ఇచ్చింది నేను.