చేయి ఎత్తితే కదిలే మనిషి

కోవిడ్ రెండో అల తగ్గిన ఏడాది, వానాకాలంలో, నన్ను బోధన్ శాఖ నుంచి నిజామాబాదులోని మా ప్రధాన ఆసుపత్రికి బదిలీ చేశారు. నేను ఫిజియోథెరపిస్టును. బోధన్‌లో ఉన్నంతకాలం నా దగ్గరికి వచ్చినవి ఎక్కువగా నడుము నొప్పులు, మోకాళ్లు, చెరకు ట్రాక్టర్ల మీంచి పడి విరిగిన ఎముకలు. నిజామాబాదులో నాకు అప్పగించింది పక్షవాతం వచ్చినవాళ్ల పునరావాస విభాగం. హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. నా పైన విభాగాధిపతి, ఆయన పైన నరాల డాక్టరు. నా కింద ఇద్దరు జూనియర్లు. రిటైర్మెంటుకు అప్పటికి కొద్ది ఏళ్లే మిగిలాయి.

విభాగంలో ఒక గదిని వీడియోగేమ్‌కు కేటాయించారని చేరిన నాడే తెలిసింది. గోడకు పెద్ద టీవీ, దాని ముందు చేతుల్లేని కుర్చీ, టీవీ కింద చిన్న నల్లటి పెట్టె. ఎవరో దాత ఇచ్చినవి. మామూలు ఆటల్లో మీటలు నొక్కుతారు. ఇందులో పొట్టి కట్టెలాంటి పరికరాన్ని చేత్తో పట్టుకుని గాలిలో ఆడించాలి. చేయి ఎత్తితే తెరమీది మనిషి చేయి ఎత్తుతాడు. మణికట్టు తిప్పితే తాళం తిప్పుతాడు. పట్టు లేని రోగులకు ఆ కట్టెను అరచేతికి పట్టీతో కట్టేవాళ్లం.

ఆటలతో వైద్యమేమిటని నన్ను చాలామంది అడిగారు. పక్షవాతం తర్వాత మెదడు పోయిన కదలికను మళ్లీ నేర్చుకోవాలంటే ఒకే పనిని విసుగు లేకుండా చేస్తూ ఉండాలి. గిన్నెలోంచి గోలీలు తీసి ఇంకో గిన్నెలో వేయమంటే మనిషి కాసేపటికే మానేస్తాడు. నీళ్లలో మునిగిన కోటలో తప్పిపోయిన చెల్లెలిని వెతుక్కుంటూ పోయే కుర్రవాడికి దారి చూపమంటే మానడు. మా ఆట కథ అదే. కాగడా ఎత్తాలి, అడ్డొచ్చిన తీగలు నరకాలి, పడవకు తెడ్డు వేయాలి, గొలుసు లాగి తలుపులు లేపాలి.

ఈ ఆటకు రెండు గుణాలున్నాయి. మొదటిది, దారి ఒక్కటే. కోట ఎంత పెద్దగా కనిపించినా, పక్క సందులు ఎన్ని ఉన్నా, ఆట పొమ్మన్న వైపే పోవాలి. రెండోది, మన చేతి కదలికను యంత్రం ఎంత పెంచి చూపాలో ముందే నిర్ణయించవచ్చు. మొదటి మెట్టులో మణికట్టు కాస్త కదిలినా తెరమీది కుర్రవాడు భుజం నిండా కత్తి దూస్తాడు. పై మెట్టులో మన చేయి ఎంత లేస్తే అతని చేయి అంతే లేస్తుంది. కొత్త రోగిని మొదటి మెట్టులో పెట్టి, బలం వచ్చేకొద్దీ పైకి తీసుకుపోవడం మా పద్ధతి.

నేను చేరిన కొన్నాళ్లకే సామ్యేలు వచ్చాడు. నలభై అయిదు దాటిన బస్సు డ్రైవరు. నిజామాబాదు నుంచి జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధన్ దాకా ఆయన రూటు. ఎడపల్లిలో ఇల్లు, పక్కనే చర్చి. పక్షవాతం కుడివైపు వచ్చింది. కాలు త్వరగానే తేరుకుంది, మాట బాగానే ఉంది. చేయి మాత్రం భుజం దగ్గర ఆగిపోయింది. కండరాల బలాన్ని మేము సున్నా నుంచి అయిదు దాకా లెక్కిస్తాం. ఆయన భుజం రెండు దగ్గర ఉంది. అంటే చేతి బరువును అదే మోసుకోలేదు.

డ్రైవరుకు ఎడమచేయి గేరు మీదికి పోయినప్పుడల్లా స్టీరింగును మోసేది కుడిచేయి ఒక్కటే. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. మొదటి రోజే అడిగాడు.

"బోర్డు ముందటికి పోయేటాళ్లకు చెయ్యి లేస్తదా మేడం? లేకపోతె నన్ను బండి ఎక్కనియ్యరు."

బోర్డు అంటే ఆయన సంస్థ నియమించిన వైద్య బోర్డు. డ్రైవరు మళ్లీ పనికి తగినవాడో కాదో తేల్చేది వాళ్లే. మేము చేయి పనితీరు మీద నివేదిక మాత్రం ఇస్తాం. చెప్పలేనని, చేసి చూద్దామని అన్నాను.

ఆయన కంటే ముందు నుంచి ఆ గదిలో ఆడుతున్న ఆవిడ గంగామణి. డిచ్‌పల్లి వైపు నుంచి వచ్చేది. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన చేయే పడిపోయింది, అదీ కుడిదే. ఆమెకు బలం కొంత ఉంది, వేగం లేదు. ఆట చటుక్కున ఊపమంటుంది, ఆమె చేయి నిదానంగా లేస్తుంది. అప్పటికి తీగలు కుర్రవాడిని చుట్టేసేవి.

"నేను లేపినంక గాడు లేపుతలేడు మేడం. నేను చెప్పింది ఇంటలేడు," అని తిట్టుకునేది.

ఆమెకు ఇంకో బాధ కూడా ఉండేది. కోటలో ఒకచోట ఎడమపక్క సందులోంచి పూలచెట్లు కనిపిస్తాయి. గంగామణి కుర్రవాడిని ఆ సందులోకి తీసుకుపోవాలని చూసేది. అతడు కనిపించని గోడకు తగిలి ఉన్నచోటే అడుగులు వేసేవాడు.

"గింత పెద్ద కోట సూపెట్టి గా గల్లీలకు పోనియ్యకపోతె ఎట్ల? ఇంట్ల కూసుండి బీడీలు సుట్టుడు గిట్లనే, ఈడ ఆడుడు గిట్లనే."

సామ్యేలు నవ్వేవాడు. "నాకైతే గిదే మంచిగుంది అక్కా. ఇన్నేండ్ల సంది ఒక్క తొవ్వనే నడిపిన. ఏడ మలుపుంటదో, ఏడ గుంత ఉంటదో ఎరుకైతే చాలు."

ఆయన చాలా వేగంగా ముందుకు పోయాడు. తీగలు నరికాడు, పడవ దాటించాడు. ప్రతి ఘట్టం చివర తెర మీద నూటికి ఇన్ని మార్కులని పడుతుంది. ఆయన మార్కులు ఎప్పుడూ ఎక్కువే. భార్య కరుణ గుమ్మం దగ్గర నిలబడి చప్పట్లు కొట్టేది. వాళ్ల చర్చిలో సాక్ష్యం కూడా చెప్పిందట, నా భర్త చేయి లేస్తోందని.

చేయి లేవడం లేదు. కోణం కొలిచే పరికరంతో వారం వారం కొలిచేవాళ్లం. భుజం కొంచెం మెరుగైంది, కొంచెమే. ఆయన మణికట్టును విదిలించడం నేర్చుకున్నాడు. అది చాలనప్పుడు నడుమును ఎడమకు వంచి, ఆ ఊపుతో భుజాన్ని ఎగదోసేవాడు. మా వృత్తిలో దీన్ని దొంగ కదలిక అంటాం. ఇందులో మోసమేమీ లేదు. దారి మూసుకుపోయిన శరీరం ఇంకో దారి వెతుక్కుంటుంది, అంతే. నేను ప్రతిసారీ ఆపి చెప్పేదాన్ని. ఆయన తలూపేవాడు. ఆట మొదలు కాగానే కళ్లు తెరమీదికి పోయేవి, నడుము వంగేది.

విభాగాధిపతితో మాట్లాడి యంత్రాన్ని పై మెట్టుకు మార్చాను. నడుము వంగకుండా కుర్చీకి బెల్టు కట్టాను. ఎందుకు మారుస్తున్నామో ఆయనకు ముందే వివరించాను. అయినా ఆ రోజు జరిగింది చూడటం కష్టమైంది. కాగడా ఎత్తమంటే తెరమీది కుర్రవాడి చేయి పొట్ట దాకా వచ్చి వణుకుతూ ఆగిపోయింది. సామ్యేలు మళ్లీ ఎత్తాడు. మళ్లీ అంతే. చెమట పట్టింది.

"మిషన్ ఖరాబైంది మేడం," అన్నాడు.

"ఖరాబు కాలేదు సామ్యేలూ. ఇప్పుడు మీ చేయి ఎంత లేస్తే అంతే చూపిస్తోంది."

ఆయన కట్టె వైపు, తెర వైపు చూశాడు. గంగామణి లేచి టీవీ ముందు నుంచి పక్కకు జరిగింది, ఏదో చూడకూడనిది చూసినట్టు.

మరునాడు కరుణ ఒక్కతే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పాత లెక్కనే పెట్టుండ్రి మేడం. రాత్రి బుక్కెడు బువ్వ గూడ తినలే. గా ఆట ఒక్కటే ఆయనకు పానం నిలవెడుతున్నది."

బోర్డులో వాళ్లు ఆటను చూడరని, చేయిని చూస్తారని చెప్పాను. చెప్పడం సులువుగానే అయింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆయన మానేస్తాడనుకున్నాను. మానలేదు. పై మెట్టులోనే, బెల్టు కట్టుకుని, నెలల తరబడి చేశాడు. భుజం మూడుకు వచ్చింది. చేతి బరువును చేయి మోసింది, అంతకు మించి మోయలేదు. కుర్రవాడు తీగలు దాటాడు, పడవ దాటాడు, కోట పైభాగంలో ఇనుప తలుపు దగ్గర ఆగిపోయాడు. అక్కడ గొలుసును తల పైదాకా లాగి పట్టుకోవాలి. సామ్యేలు లాగేవాడు. తలుపు సగం దాకా లేచి ధడాలున పడేది.

"ఇగ చాలు తమ్మీ, చెయ్యి గుంజుతది," అనేది గంగామణి.

బోర్డు తేదీ వచ్చింది. నివేదిక రాసే ముందు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఇప్పటి బస్సులకు పవర్ స్టీరింగ్ ఉంటుందని, వేలితో తిరుగుతుందని అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"మొదట్ల నాకు నూటికి తొంభై పైన వడ్డయి గద మేడం. గదే రాయుండ్రి. అబద్ధం కాదు గద, మిషనే ఇచ్చింది."

రాయలేనని చెప్పాను. ఆయన వెనక బస్సు నిండా జనం కూర్చుంటారు. ఆ మాట నేను పైకి అనలేదు. ఆయనే అన్నాడు, "జానకంపేట కాడ స్కూలు పోరగాండ్లు ఎక్కుతరు," అని. తర్వాత, "మీకు ఎట్ల కనవడితే గట్లనే రాయుండ్రి," అన్నాడు. నేను కొలిచిన కోణం, బలం, పట్టు, వేగం రాసి సంతకం పెట్టి విభాగాధిపతికి పంపాను. బోర్డు ఆయనను డ్రైవింగుకు అనర్హుడని తేల్చింది. డిపోలో వేరే పని చూస్తామన్నారు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన చికిత్సకు కాకుండా ఊరికే వచ్చాడు. ఆ ఇనుప తలుపును ఒక్కసారి దాటి చూడాలని ఉంది, మొదటి మెట్టులో పెట్టండి అన్నాడు. చికిత్స పరంగా దానికి అర్థం లేదు. గది ఖాళీగా ఉంది. పెట్టాను, బెల్టు కట్టలేదు.

ఆయన మణికట్టు విదిలించాడు. గొలుసు పైదాకా లేచింది, తలుపు తెరుచుకుంది. లోపల చెల్లెలు కనిపించింది. అన్న ఆమె చేయి పట్టుకుని మెట్లు దిగాడు. సంగీతం వచ్చింది, ఆట తయారుచేసినవాళ్ల పేర్లు చాలాసేపు పైకి జరిగాయి. సామ్యేలు చివరి పేరు దాకా చూశాడు. తర్వాత తెర నల్లబడి, మళ్లీ కోట వాకిలి, కాగడా లేని కుర్రవాడు కనిపించారు.

"ఇగ ఇటెన్క ఏమున్నది మేడం?"

"ఏమీ లేదు. మళ్లీ మొదటి నుంచి ఆడుకోవచ్చు."

"గంతేనా," అన్నాడు. ఎడమచేత్తో పట్టీ విప్పుకుని, కట్టెను కుర్చీలో జాగ్రత్తగా పెట్టాడు. పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "మీరు సరిగనే రాసిండ్రు మేడం. నా మనసుల ఏం లేదు. కని గా దినాలల్ల నేను నిజంగనే నడిపిన అనిపిచ్చింది."

మళ్లీ రాలేదు. జూనియర్ల చేత ఫోన్లు చేయించాను. వస్తానన్నాడట.

మరుసటి వేసవిలో కరుణ వచ్చింది. చేతి వేళ్లు ముడుచుకోకుండా మేము ఇచ్చిన ప్లాస్టిక్ పట్టీని గుడ్డలో చుట్టి తెచ్చింది. రెండోసారి పక్షవాతం వచ్చిందని, ఆసుపత్రికి తీసుకొచ్చేలోపే పోయాడని చెప్పింది. డిపోలో పనికి కొన్నాళ్లు పోయాడట. బస్సులు బయలుదేరడం చూడలేక మానేశాడట.

"ఇంట్ల టీవీ ముందట కూసుండి చెయ్యి లేపి సూసెటోడు మేడం. మా టీవీల వార్తలొస్తుండె. వార్తలు సదివేటామె ఎట్ల లేపుతది? నేను సూసి సూడనట్టు వంటింట్లకు పోయేదాన్ని."

పట్టీ తీసుకున్నాను. దాన్ని శుభ్రం చేసి ఇంకొకరికి ఇవ్వాలి కనుక స్టోరుకు పంపాను.

గంగామణి మరికొన్నాళ్లు వచ్చింది. అన్నం కలుపుకుని తినగలిగింది, జడ వేసుకోగలిగింది. బీడీ చుట్టే వేగం మాత్రం రాలేదు. సామ్యేలు సంగతి ఆమెకు నేనే చెప్పాను. ఆ రోజు ఆట వద్దని, గిన్నె, గోలీలు అడిగింది.

రిటైరయ్యే దాకా ఆ గదిని నడిపాను. యంత్రాన్ని తీసేయమని ఒక సమావేశంలో ప్రతిపాదన వస్తే వద్దన్నాను. దానివల్ల బాగుపడ్డవాళ్లు ఉన్నారు. పద్ధతి మాత్రం ఒకటి మార్పించాను. ఏ రోగికైనా తెర వెలిగించక ముందే అద్దం ముందు కూర్చోబెట్టి చేయి ఎత్తించేవాళ్లం. అందులో ఎంత లేచిందో చూపించి, తెరమీద అంతకంటే ఎక్కువ లేస్తుందని, ఆ ఎక్కువ యంత్రానిదని చెప్పేవాళ్లం. కొందరు అది విని ఆటలో ఆసక్తి పోగొట్టుకున్నారు. వాళ్లకు గోలీలే ఇచ్చాం.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. రోగికి ఉత్సాహం ఇవ్వడం, చేతికి బలం ఇవ్వడం రెండు వేరు వేరు పనులు. మొదటిది త్వరగా వస్తుంది, రెండోది కొందరికి అసలు రాదు. రెండింటినీ విడివిడిగా కొలవాలి, విడివిడిగా చెప్పాలి. సరిగ్గా కొలిచి, సరిగ్గా చెప్పి, సరిగ్గా రాసినా కొందరు మనుషులు మనకు దక్కరు.