పెరిగే గీతలు

ఈ ఏడాది పన్నెండు పుస్తకాలు చదవాలని పంతం పట్టాను. ఒకటి పూర్తయితే అల్ వుకైర్ లేబర్ క్యాంపు గదిలో నా లాకరు మీద ఒక గీత. మిగతా లాకర్ల మీదా గీతలుండేవి. అవి ఇంటికెళ్ళే సెలవుకు మిగిలిన నెలలు. నెల గడవగానే ఒకటి కొట్టేసేవారు.

నేను ఏడో గీత గీస్తుంటే పక్క మంచం అన్న ఆగలేకపోయాడు.

"అందరియి తగ్గుతుంటె నీయి పెరుగుతున్నయేంది తమ్మీ? కంపెనీ నీ సెలవు ఎనుకకు జరిపిందా?"

నాకు ఒళ్ళు మండింది. "నేను చదివిన పుస్తకాలే అన్నా అవి!"

"గట్లనా! మొన్న శుక్రవారం నువ్వు పైకి సదివిన కథల పుస్తకం నేను సాంతం ఇన్న గదా!"

మార్కర్ లాక్కుని తన లాకరు మీదా ఒక గీత గీసుకున్నాడు. ఆ తలుపు మీద కొట్టేయక్కర్లేని గీత అదొక్కటే.