నాలుక తడితో అతికిన తెల్ల పడుగు

మా వీధిలో ఎవరింటికి తెల్ల పడుగు వచ్చినా అతకడానికి ఒక్క మనిషినే పిలిచేవారు. ఆమె నాకు వరసకు వదిన. భర్త పోయాక అతుకుల పనే ఆమెకు బతుకుదెరువు.

మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు దాన్ని పూర్తిగా తీసెయ్యం. కొసలను దువ్వెనలాంటి అచ్చులోనే ఉంచుతాం. కొత్త పడుగు కొసలను ఒక్కో పోగు చొప్పున వాటితో కలిపి వేళ్ళ మధ్య పురి పెట్టాలి. వేల పోగులు. పొద్దున కూర్చున్న మనిషి పొద్దు వాలేదాకా మెడ ఎత్తదు. పట్టుపోగు వేళ్ళ మధ్య జారకుండా మామూలుగా బూడిద అద్దుకుంటారు. ముదురు రంగులకు దానితో ఇబ్బంది లేదు. తలంబ్రాల చీరకు వేసే తెల్ల పట్టు మీద మాత్రం బూడిద మసక దిగుతుంది. అందుకని వదిన నాలుక మీద వేలు తడి చేసుకుని అతికేది. దాన్ని ఎంగిలి అని ఎవరూ అనుకోలేదు. పట్టుకు ఎంగిలి లేదని మా పెద్దల మాట. ఈ చుట్టుపక్కల ఎన్ని పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుళ్ళు ఆమె అతికిన పడుగు మీద నేసిన చీరలు కట్టుకుని పీటల మీద కూర్చున్నారో లెక్క లేదు.

ఆమె నెలనెలా అనంతపురం వెళ్ళి వస్తుందని అందరికీ తెలుసు. ఎందుకో ఎవరూ అడగలేదు. ఒకరోజు మా ఎదురింటి బావ ఆసుపత్రిలో ఆమెను చూసి వచ్చాడు. టీ అంగడి దగ్గర అందరి ముందూ చెప్పాడు.

"అది ఎయిడ్స్ మాత్రలిచ్చే కిటికీనే అప్పా. కండ్లారా చూసినా."

"నువ్వు యాడ నిలబడి చూసినావు బావా?" అన్నాను.

"నేను షుగరు పరీక్షకు పోయింటి! ఆ కిటికీ పక్కనే ఉండాది."

"ఆ వరసలోనే నిలబడి ఉంటావులే," అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నవ్వు అక్కడితో అయిపోయింది కానీ మాట అయిపోలేదు. ఆ నెల నుంచి మా వీధిలో ఎవరూ వదినను పిలవలేదు. తెల్ల పడుగులకు కూడా బూడిదతో అతికే ముసలాయన్నే పిలుచుకున్నారు. మసక వస్తే వచ్చిందిలే అనుకున్నారు.

నేను బడికి పోయింది ఐదో తరగతి దాకానే. మిగతా చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. మగ్గం దిగాక సాయంత్రాలు అక్కడే కూర్చుంటాను. ఈ విషయం చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. ఏదైనా తెలియకపోతే గ్రంథపాలకుణ్ణి అడిగి అలమరలో వెతుక్కుంటాను. హెచ్ఐవి గురించి అలాగే వెతికాను. ఒంట్లో వైరస్ ఉండటం వేరు, అది ముదిరి ఎయిడ్స్ కావడం వేరు అని అప్పుడే తెలిసింది. రక్తం ద్వారా, జాగ్రత్త లేని కలయిక ద్వారా, వాడిన సూది ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఉమ్మితో రాదు. మాత్రలు మానకుండా వేసుకుంటే మామూలుగా బతకవచ్చు.

అదే పుస్తకంలో ఇతర దేశాల సంగతులు కూడా ఉన్నాయి. భయం ఒక్కో చోట ఒక్కో వేషం వేసింది. ఒకచోట చేయి కలపడానికి భయపడ్డారు. ఇంకోచోట దోమకు భయపడ్డారు. మరోచోట బడిలో జబ్బున్న పిల్లవాడి పక్కన తమ పిల్లలను కూర్చోబెట్టవద్దన్నారు. మా వీధి భయం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. పట్టుపోగుకు అంటిన నాలుక తడి గురించి ఎవరు రాస్తారు?

డిసెంబరు ఒకటో తేదీన, ఎయిడ్స్ దినమని, బడిపిల్లలు ఎర్ర రిబ్బన్లు పెట్టుకుని మా వీధిలో ఊరేగింపుగా వచ్చారు. "తాకితే రాదు, కలిసి తింటే రాదు" అని అరుస్తూ పోయారు. బావ చప్పట్లు కొట్టాడు. మా నాయన కూడా అరుగు దిగి వచ్చి చప్పట్లు కొట్టాడు. పిల్లలు మలుపు తిరగగానే లోపలికి వచ్చి నాతో అన్నాడు: "రేపు తెల్ల పడుగు ఎక్కించాల. ఆ బూడిదాయప్పకు చెప్పిరాపో."

"వదినను పిలుచ్చాం నాయనా. పట్టిచ్చిన శెట్టి పెండ్లి చీర అడిగినాడు. మసకొస్తే ఒప్పుకోడు."

"శెట్టితో నేను మాట్లాడుకుంటా."

"ఎంగిలితో అది రాదు."

"ఎవరు చెప్పినారు?"

"పుస్తకంలో ఉండాది."

"ఆ పుస్తకం రాసినాయప్పకు మగ్గం ఉండాదా?"

నేను పుస్తకం తెచ్చి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. నాయన మగ్గం మీద కూర్చుని పాత పడుగు చివరి జానెడు నేస్తున్నాడు. వైరస్ గురించి చదువుతున్నంతసేపూ చెయ్యి ఆపలేదు. ఒక పుటలో అమెరికా సంగతి వచ్చింది. అక్కడ ఈ జబ్బుతో పోయినవాళ్ళ పేర్లు గుడ్డ ముక్కల మీద కుట్టి, ఆ ముక్కలన్నీ కలిపి మైదానంలో పరిచారట. అది చదివేసరికి మగ్గం ఆగింది.

"బొమ్మ ఉండాదా?"

చూపించాను. కళ్ళద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూశాడు.

"ఈ అతుకులు ఎవరు వేసినారంట?"

"ఇంటోళ్ళే. అమ్మలు, తోడబుట్టినోళ్ళు, స్నేహితులు."

"గుడ్డలు ఒక్క తీరువి గావే. పలచనిదీ మందమూ కలిపినారు. కష్టమే," అన్నాడు.

మర్నాడు పొద్దున మొహం కడుక్కుంటూ అన్నాడు: "పోయి పిలుచుకోని రా. నాలుక మాత్రం పెట్టొద్దని చెప్పు."

నేను వెళ్ళి పిలిచాను. ఆ రెండో మాట చెప్పలేదు, చెప్పడానికి నోరు రాలేదు. చెప్పవలసిన పని కూడా పడలేదు. వదిన చేతిలో చిన్న స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. దాంట్లో నీళ్ళు.

"ఏం మరిదీ, లైబ్రరీ వాళ్ళు నా మీద కూడా పుస్తకం ఏసినారంట?" అని నవ్వింది. నాయన మంచం మీద కూర్చుని అటు చూడనట్టు ఉన్నాడు.

ఆమె మగ్గం దగ్గర సర్దుకుని, గిన్నెలో వేలు ముంచి పని మొదలుపెట్టింది. మా గాలి సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. చలికాలంలో కూడా ఒంట్లో తడి లాగేస్తుంది. పట్టు తెగకుండా ఉండాలని కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలో మేము నీళ్ళు చల్లుకునేది ఆ గాలి వల్లే. వదిన వేలు ముంచి పోగు అందుకునేలోపే ఆరిపోతోంది. పురి తిప్పిన అతుకు వదలగానే విడిపోతోంది. మళ్ళీ ముంచడం, మళ్ళీ తిప్పడం. అతికిన పోగుల కంటే వేలాడుతున్న పోగులే ఎక్కువగా కనిపించాయి. ఇలాగే సాగితే పడుగు ఆ రోజు ఎక్కదు. ఆమె చేతిలో పని పోయిందనే మాట కూడా మా ఇంటి నుంచే వీధిలోకి పోతుంది.

నాయన లేచి వచ్చాడు.

"ఏం జేస్తాండావు పాపా?"

"అతుకుతాండా మామా."

"అది అతకడమా? ఈ గాలికి నీళ్ళు యాడ నిలుస్తాయి?"

"నా తడి అంటే మీకు ఇబ్బందని..."

"పురి నిలబడకుంటే ఇబ్బంది నాకు."

వంగి గిన్నె తీసుకుని నీళ్ళు మగ్గం గుంతలో చల్లేశాడు. "ఈ నీళ్ళు గుంతకు కావాల, నీకు గాదు. నీ పని నువ్వు ఎప్పట్లాగ చేసుకో."

వదిన కొంచెంసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత నాలుక మీద వేలు అద్దుకుని పోగు అందుకుంది. నాయన తిరిగి మంచం దగ్గరికి పోలేదు. ఆమె పక్కనే కూర్చుని, తెగిన పోగుల కొసలు ఏరి చేతికి అందించాడు.

పొద్దు వాలేసరికి అతకడం అయిపోయింది. ఇక పడుగును ముందుకు లాగాలి. అతుకులన్నీ అచ్చు సందుల్లోంచి ఇవతలికి రావాలి. గట్టిగా లాగితే తెగుతాయి. నేను అవతల పడుగును వదులు చేశాను, నాయన ఇవతల లాగాడు. వదిన నిలబడి చూసింది. అతుకులు వరసగా దాటి వచ్చాయి. నాయన వాటి మీద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా నిమిరాడు.

అప్పుడే గడపలో బావ కనిపించాడు. "ఏం మామా, తెల్లది ఎక్కినట్లుండాదే?"

"ఆడనే నిలబడి చూడు. నీకు అంటుకుంటాదేమో," అన్నాడు నాయన.

బావ తల గోక్కున్నాడు. "నాకూ వచ్చే వారం తెల్ల పడుగు ఎక్కించాల. మొన్న బూడిదతో అతికిందానికి చారొచ్చెనని శెట్టి అరుస్తాండాడు. ఆయమ్మ వస్తాదేమో..."

"నన్నడిగితే ఏం లాభం? మనిషి ఈడనే ఉండాది గదా."

వదిన ఖాళీ గిన్నెను చీర కొంగుతో తుడుచుకుంటూ అంది: "ఆసుపత్రి కాడ కనపడినప్పుడే అడిగింటే సరిపోయేది గదన్నా. అంత దూరం నుంచి చూసి పోయినావు."

బావ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. "కబురు పంపిస్తాలే," అని దిగి పోయాడు. పంపించాడు కూడా.

వీధిలో అందరూ పిలుస్తున్నారని చెప్పను. ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో తెల్ల పడుగుకు బూడిదే. అడిగినవాళ్ళకు నాయన నా పుస్తకం మాట ఎత్తడు. "ఈ గాలికి నీళ్ళు నిలవవప్పా," అంటాడు, అంతే. కానీ ఆ పుస్తకం గడువు తీరి తిరిగి ఇవ్వబోతుంటే మాత్రం, ఆ గుడ్డల బొమ్మ ఉన్నదేనా అని అడిగి నాతో ఇంకో వారం గడువు పెట్టించాడు.

వదిన ఆ తరువాత మా ఇంటికి చాలాసార్లు వచ్చింది. ఒక్కసారీ గిన్నె తీసుకురాలేదు.