పరమేశ్వర్ అన్న ముక్కు

పరమేశ్వర్ అన్న ఉధ్నా రైల్వే యార్డులో పట్టాలు మళ్లించే పాయింట్స్‌మన్. ఆదివారం పొద్దున మాత్రం పల్సానా అవతల ఖాడీ గట్టు మీద పైసా తీసుకోకుండా జనాలకు పిట్టలను చూపిస్తాడు. ఖాడీ అంటే పేరుకు వాగే. రంగుల మిల్లులు వదిలే నీళ్లన్నీ వచ్చి కలిసేది అందులోనే. అయినా తెడ్డుమూతి కొంగలు వస్తాయి, ఉల్లంకులు వస్తాయి. ఎందుకొస్తాయో నాకైతే అర్థం కాదు. కాలేజీ మానేశాక ఇంట్లో తిట్లు పడలేక నేనూ వెళ్లేవాణ్ణి.

అన్నకు కళ్లు అంతంత మాత్రమే. అద్దాలు తీస్తే కొంగకూ కట్టెకూ తేడా తెలియదు. ముక్కు మాత్రం వేరు. మిల్లులు నీళ్లు వదిలితే మాకేమీ తెలియకముందే ఆగిపోయేవాడు. "ఆగుండ్రి. యాసిడ్ ఇడిసిండ్రు. ఎన్కకు మర్రుండ్రి" అనేవాడు. కాసేపటికి మా కళ్లు మండేవి. ఆ ముక్కును నమ్ముకునే మేం ఆ గట్టు మీద నడిచేవాళ్లం.

"నీ ముక్కుకు వేరే జీతం ఇయ్యాలె అన్నా" అని లూమ్‌లో పనిచేసే సాంబయ్య ఏడిపించేవాడు.

కరోనా వచ్చాక అన్నకు ఒకటే భయం, పద్మారాణి వదిన గురించి. ఏళ్ల తరబడి బాబిన్లు చుట్టి, నూలు దుమ్ము మింగి ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఈ రోగం ఆమెకు ఒక్కసారి అంటితే ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అప్పటినుంచి అన్న పెళ్లిళ్లు మానేశాడు, చావులు మానేశాడు. కోసాడ్‌లో ఇంటి గుమ్మం బయటే బట్టలు మార్చుకుని లోపలికి వెళ్లేవాడు. పక్కింటివాళ్లు నవ్వినా సరే. ఈ నడక ఒక్కటే వదల్లేదు. "ఆడ గాలి ఆడుతది, ఏం గాదు" అనేవాడు.

2021 మార్చి నెలాఖరు. ఊళ్లో అంబులెన్సుల కూతలు మళ్లీ మొదలయ్యాయి. ఆ ఆదివారం నలుగురమే: అన్న, నేను, సాంబయ్య, బ్యాంకులో పనిచేసే విజయరాణి మేడం. ఉన్నది ఒకటే బైనాక్యులర్. అన్న చూసి సాంబయ్యకిచ్చాడు, సాంబయ్య నాకు, నేను మేడంకు.

గట్టు మలుపు తిరగగానే కొట్టింది వాసన. కుళ్లిన గుడ్లలో యాసిడ్ పోసినట్టు. మాస్కు ఆపలేకపోయింది. సాంబయ్య వంగి ఓకరించాడు. నేను ముక్కు గట్టిగా పట్టుకున్నాను. అన్న మాత్రం నడుస్తూనే ఉన్నాడు. ఎర్రటి నురగ పొంగుతున్న నీళ్ల అంచుదాకా వెళ్లి, "గటు సూడుండ్రి, లకుముకి" అని మెల్లగా చెయ్యి చాపాడు.

"అన్నా, ఎన్కకు రా! ఏంది, నీకు వాసనొస్తలేదా?" అని అరిచాను.

"ఏం వాసన?"

వాసన తెలియకపోవడం దేనికి గుర్తో ఏడాదిగా టీవీలు చెబుతూనే ఉన్నాయి. అన్న జేబులోంచి శానిటైజర్ తీసి అరచేతిలో పోసుకున్నాడు. మాస్కు కిందికి లాగి ముక్కుకు ఆనించుకుని పీల్చాడు. మళ్లీ పీల్చాడు.

"సర్ది అయిందేమో అన్నా" అన్నాడు సాంబయ్య. రెండడుగులు వెనక్కి వేశాకే అన్నాడు.

విజయరాణి మేడం మెడలోంచి బైనాక్యులర్ తీసి గడ్డి మీద పెట్టింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

అన్న వదినకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"రాణీ, జర ఇను. లోపలి తలుపు గడియ పెట్టుకో. నేనొచ్చినా తియ్యకు."

"ఏమైందయ్యా? పిట్టలు గిట్ట కరిసినయా?" వదిన నవ్వింది. నవ్వుతూనే దగ్గింది.

"నాకు వాసన తెలుస్తలేదే. పొద్దుగాల నీ గిలాసలనే చాయ్ తాగిన గద."



"ఇందాక పోపు మాడిపోయింది" అంది వదిన. "పొగకు కండ్లు మండితెగని నాకు తెల్వలే."