జర్నలిజం సీటు కోసం పోయిన రోజు

ప్లస్ టూ ఫలితాలు వచ్చిన వారంలోనే, టీచర్ ట్రైనింగ్‌కు పోనని, జర్నలిజం చదువుతానని ఇంట్లో చెప్పేశాను. మాది తమిళ నాట, ధర్మపురి జిల్లా పాలకోడు పక్కన వెల్లిచందై. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నాయన టమాటా రైతు. మా ఇళ్లలో పదో తరగతి దాటిన ఆడపిల్లను నేనే మొదటిదాన్ని.

"పేపర్లో రాస్తే దుడ్డు ఇస్తారా?" అని నాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"టీవీలో అయితే ఇంకా ఎక్కువ నాయనా. ఇది చూడు," అంటూ ధర్మపురి బస్టాండులో పంచిన కాలేజీ పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. సేలం రోడ్డులో ఆరేడేళ్ల కింద పెట్టిన ప్రైవేటు కాలేజీ అది. అట్టమీద ఒక అమ్మాయి మైకు పట్టుకొని నవ్వుతోంది. చదువు ముగిసిన నెలకే టీవీలో ఉద్యోగం, నెలకు ఇరవై వేలు అని కింద తమిళంలో రాసి ఉంది. నాయన ఆ అంకెను రెండుసార్లు చదివాడు. ఆ సోమవారమే ఇద్దరం బస్సెక్కాం.

కాలేజీ ఆఫీసులో మేనేజరు ఫీజుల కాగితం మా ముందు పెట్టాడు. ఏడాదికి నలభై వేలు. స్టూడియోకు వేరే, కెమెరాకు వేరే. నాయన ఆ కాగితాన్ని కూడా రెండుసార్లు చదివాడు. "ఆలోచించుకోండి, వస్తాను," అని మేనేజరు పక్క గదిలోకి పోయాడు. గదిలో మేమిద్దరం, మూల బల్ల దగ్గర తల వంచుకొని అప్లికేషన్లకు సీలు వేస్తున్న ఒక ఆమె మిగిలాం.

ఎవరికీ అర్థం కాదులే అని మేము తెలుగులో మాట్లాడుకున్నాం.

"పై చేను అమ్మేస్తామ్మా," అన్నాడు నాయన. "నెలకు ఇరవై వేలంటే మళ్లీ కొనుక్కోవచ్చు."

సీలు చప్పుడు ఆగింది.

"చేను అమ్మొద్దు మామా."

మా మాటే! ఇద్దరం ఉలిక్కిపడ్డాం. "మాది తుంబలహళ్లి. మేమూ ఇంట్లో తెలుగే," అంటూ ఆమె తలెత్తింది. నేను ఆ ముఖాన్ని చూసి, చేతిలోని పుస్తకం అట్టను చూసి, మళ్లీ ఆ ముఖాన్ని చూశాను.

"అక్కా, ఇది మీరే కదా?"

"నేనే. మొదటి బ్యాచి. ఆ మైకు కాలేజీదే. ఫోటో తీసినాక వెనక్కి తీసుకున్నారు."

"మరి టీవీలో ఉద్యోగం?"

"ఏ టీవీ లేదు. రెండేండ్లు మెడ్రాసులో తిరిగినాను. ఒకరూ పిలవలేదు. కడాకు ఇక్కడే రెండు వేల సంబళానికి చేరినాను."

నాయనకు కోపం వచ్చింది. "నీ బొమ్మ వేసి అబద్ధం రాస్తా ఉంటే ఎట్ల ఊరుకున్నావమ్మా?"

"ఊరుకోకపోతే ఈ రెండు వేలూ పోతాయి మామా."



ఆమె తలుపు వైపు చూస్తూ గొంతు తగ్గించి గబగబా చెప్పింది. "ధర్మపురి గవర్నమెంటు కాలేజీలో బీఏ ఇంగ్లీషు చేరు. ఫీజు వందల్లోనే. ఆనక గవర్నమెంటు యూనివర్సిటీలో జర్నలిజం ఎమ్మే చెయ్. చేరే ముందర ఆడ చదివి పోయినోళ్లను నువ్వే పోయి అడుగు, యాడ పని చేస్తా ఉండారు, ఎంత వస్తాది అని."

మేనేజరు అడుగుల చప్పుడు వినగానే ఆమె తల వంచేసింది. మేమెవరో తెలియనట్టు సీలు వేస్తూ పోయింది. నాయన తమిళంలో ఇంటికి పోయి చెప్తామని లేచాడు.

ఆమె చెప్పినట్టే చేశాను. బీఏ చదువుతూ ఒక చిన్న సాయంకాలం పేపరుకు మార్కెట్టు ధరలు, రైతుల కష్టాలు రాసిచ్చేదాన్ని. ఎమ్మేలో చేరకముందు అక్కడ చదివిన ఐదుగురిని వెతికి మాట్లాడాను. ముగ్గురికి సరైన ఉద్యోగాలున్నాయి, ఇద్దరికి లేవు. అన్నీ తెలిసే చేరాను.

బెంగళూరులో ఒక వార్తాసంస్థలో మొదటి ఉద్యోగం దొరికింది. తమిళం, ఇంగ్లీషు, మా సరిహద్దు ఊళ్లలో అబ్బిన కన్నడం వచ్చని తీసుకున్నారు. తెలుగు అక్షరాలు మాత్రం అక్కడే, ఇరవై మూడో ఏట, పక్క సీటు ఆమె దగ్గర నేర్చుకున్నాను. జీతం ఎనిమిది వేలు. ఇంతేనా అంటారేమోనని భయపడుతూనే ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పాను.



"నెలనెలా ఇస్తారా?" అని అడిగింది అమ్మ. "వాన పడకపోయినా?"